దిండులో ఈకలు

భోజనానికి కూర్చున్నా ఆ గడ్డం మనిషి టోపీ తీయలేదు.

"మా ఇంట్లో ప్రార్థనకి టోపీ తీస్తారు నాయనా," అంది ఎల్‌స్పెత్.

"తలకి చలి పడదమ్మా. దేవుడు సర్దుకుంటాడులే."

సారా మీద పన్ను కట్టేది లేదని ఆ కొండజనం తిరగబడితే అణచడానికి సైన్యం దిగింది. ఆ సైన్యానికి సరుకులు కొనేది తనేనని చెప్పాడతను.

శనివారంలోగా పన్ను వెండి నాణేల్లో కట్టకపోతే ఎల్‌స్పెత్ సారా కాచే రాగి బట్టీని జప్తు చేస్తారు. మొగుడు పోయాక ఆమెకు కూడు పెడుతున్నది ఆ బట్టీయే. ఆ కొండల్లో వెండి ఎవరు చూశారు గనక? ఉప్పు కొన్నా, పాస్టరుకు జీతమిచ్చినా సారా కొలిచి ఇవ్వడమే.

ఆశకొద్దీ ఆమె తన ఎనిమిది సారా పీపాలకూ రెట్టింపు ధర చెప్పింది. అతను బేరమాడకుండా వెండి ఇచ్చేశాడు.

తర్వాత ఇంటింటికీ వెళ్ళి కొన్నాడు. ఎవరు ఏ కొట్టంలో పీపాలు దాచారో తిన్నగా అక్కడికే వెళ్ళాడు.

"మా గుట్లన్నీ నీకెలా తెలుసయ్యా?" అడిగాడు పొరుగింటి గిల్‌క్రిస్ట్.

"వేసవిలో ఓసారి వచ్చాను. మర్యాద బాగా చేశారు."

ఆ సాయంత్రం ఊళ్ళో ఫిడేలు మోగింది. కొట్టడానికొచ్చినవాళ్ళు మన సారా తాగి మనకే డబ్బిస్తున్నారని ఒకటే నవ్వులు. ఎల్‌స్పెత్ మోకాళ్ళ నొప్పి మరిచి గంతులేసింది.

అలసిన అతిథికి దిండు ఇస్తే గరగరలాడింది.

"మొక్కజొన్న పొట్టా అమ్మా?"

"ఈకలుండేవి. వేసవిలో ఓ మంచి పనికి ఖర్చయిపోయాయి."

అతను కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది.

శనివారం ఎల్‌స్పెత్ దర్జాగా వెళ్ళి పన్ను కట్టింది. బట్టీ దక్కింది. తీసుకున్నది కొత్త అధికారి.

పాతాయన నిన్ననే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడట. పోయేముందు, సరుకు ఎక్కడినుంచో తేవడం దేనికి, వీళ్ళ దగ్గరే వెండికి కొంటే వీళ్ళే పన్ను కడతారని సేనాపతిని బతిమాలి, తనే కొనడానికి బయల్దేరాడట.

"టోపీ తియ్యడే, ఆయనా?"

"ఆయనే. గడ్డం కొత్తగా పెంచాడు. వేసవిలో మీవాళ్ళు నెత్తిన వేడి తారు పోసి, ఈకలద్ది ఊరేగించిన పన్ను వసూలుదారు."

ఎల్‌స్పెత్ సిగ్గుతో తల దించుకుంది. ఆయన మళ్ళీ ఒక్కసారి కనబడితే బాగుండుననిపించింది.

"మీకో మాట చెప్పమన్నాడు," అన్నాడు అధికారి. "మీ ఈకలు మెత్తనివేనట గానీ, నెత్తిన జుట్టు మాత్రం ఇంకా మొలవలేదట."