పొగ పెట్టిందెవరు?

సైరన్ మోగి ఎనిమిది నిమిషాలైంది. మరో రెండు నిమిషాల్లో నీళ్ల డ్రోన్లు డాబాల మీది వడియాలతో సహా కాలనీని ముంచెత్తుతాయి. కార్చిచ్చుల కాలం వచ్చాక ఊరూరా ఇదే పద్ధతి. పొగకు కారణమైనవాళ్ల పేరు మైకులో చెబితేనే అవి ఆగుతాయి.

పొగ ఎక్కడిదో తేల్చి మైకులో చెప్పే ఉద్యోగం చేసే వకుళ, ఇంట్లోని తెర వంక చూసి అదిరిపడింది. "చెట్టు బంక కాలిన పొగ! అడవి అంటుకుందనుకుంది యంత్రం. కానీ వస్తున్నది మనింట్లోంచే!"

తల్లి సుగుణమ్మ సాంబ్రాణి కుంపటికి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, సాంబ్రాణి కూడా చెట్టు బంకేనే!"

"పసిపిల్లకు తలకు పోశాక పొగ వెయ్యొద్దా? మైకులో నా పేరెత్తావో, చూడు!"

అబద్ధమాడితే వకుళ ఉద్యోగం ఊడుతుంది. నిజం చెబితే అమ్మ అన్నం పెట్టదు.

వకుళ మైకు అందుకుంది.

"పొగకు కారణం మా అక్క కూతురు చిన్మయి. తల ఆరబెట్టుకుంటోంది. వయసు ఇరవై ఒక్క రోజులు."