తలుపు గడియ

పొద్దున పదింటికే జెమైమా తలుపు గడియ పెట్టేసి, ముగ్గురు కూతుళ్లనూ మంచం కింద దాక్కోమంది.

బెల్‌ఫాస్ట్‌లో అల్లర్లు మొదలై ఐదో రోజు. వంతెనకి అవతల కాథలిక్కులు, ఇవతల ప్రొటెస్టెంట్లు. రోడ్డు మీద పరిచిన రాళ్లు పెకలించి మరీ కొట్టుకుంటున్నారు. ఇవతలి వీధుల్లో ప్రతి కిటికీకీ ప్రొటెస్టెంట్ల గుర్తుగా ఒక నారింజ రిబ్బను వేలాడుతోంది. జెమైమా రెండు కట్టింది.

నిన్న ఇదే వీధిలో ఒక ముసలావిడ సామానంతా బయటపడేసి తగలబెట్టారు. ఆవిడా ప్రొటెస్టెంటే. కాకపోతే అవతలివాడికి గది అద్దెకిచ్చింది. తగలబెట్టినవాళ్లలో జెమైమా మొగుడు హ్యూ కూడా ఉన్నాడు.

వీధి మొదట్లో కేకలు. "కాథలిక్కు పోపుగాడు, పట్టుకోండిరా."

కిటికీ తెర పక్కకి జరిపి చూసింది. రేవులో మూటలు మోసే కుర్రాడు. తల పగిలి మొహమంతా నెత్తురు. ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వచ్చి ఆమె తలుపు కొట్టాడు.

"అమ్మా, తలుపు తియ్యి."

జెమైమా గడియ మీద చెయ్యి వేసింది.

"అమ్మా, వచ్చేస్తున్నారు."

"ఎవరే అమ్మా?" అంది మంచం కింద నుంచి చిన్నది.

"ఎవరూ కాదు."

చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. ఆ తర్వాత తలుపుకి తగిలిన దెబ్బలు చేత్తో కొట్టినవి కావు.

అంతా అయ్యాక పక్కింటి ఇసబెల్లా వచ్చింది.

"గట్టిదానివే వదినా. నేనైతే జాలిపడి తీసుండేదాన్ని. చివరిదాకా అమ్మా అమ్మా అంటూనే ఉన్నాడు. మేరీమాత దిగొస్తుందనుకున్నాడు కాబోలు."

"వాళ్లకది అలవాటేగా," అంది జెమైమా, గుమ్మం కడుగుతూ.

"ఇన్ని కొంపలుండగా నీ తలుపే కొట్టాడేమిటో."

జెమైమా ఇంకో బకెట్టు నీళ్లు పోసింది.

మధ్యాహ్నం హ్యూ తలెత్తుకుని ఇంటికొచ్చాడు. దారి పొడుగునా జనం వాడి భుజం తట్టారట. "నీ పెళ్లాం మన మనిషిరా" అన్నారట. ఉడికించిన బంగాళాదుంపలు కడుపునిండా తిన్నాడు. జెమైమా ముద్ద ముట్టలేదు.

సాయంత్రం పోలీసులు తోపుడుబండి తెచ్చారు. శవం జేబులో ఒక్క కాగితమైనా లేదు.

"పోయేముందు పేరేమైనా చెప్పాడా?" అని అడిగాడు పోలీసు. వీధి వీధంతా అక్కడే నిలబడి ఉంది. హ్యూ కూడా.

"నాకేం తెలుసు బాబూ," అంది జెమైమా. "నేను తలుపే తియ్యలేదు."

"అయితే పేరు తెలియని శవమని రాసుకుంటాను."

బండి రాళ్ల మీద ఎగిరెగిరి పడుతూ వెళ్లిపోయింది.

ఇరవై రెండేళ్ల కిందట, వంతెనకి అవతలి ఇంట్లో, కాథలిక్కు అయిన మొదటి మొగుడి చేతుల్లో పసివాణ్ని పెడుతూ, మాలకీ అని పేరు పెట్టింది జెమైమానే.