బాల్కనీ ఫోను

భావన రాసిన కోడ్ మళ్లీ వెనక్కి వచ్చింది. తెర మీద ఎర్రగీత.

“ఇయ్యాల సుత పడ్డదా?” పక్క సీట్లోంచి నరేశ్ మెడ చాచాడు.

“పడ్డది. నిన్న పడ్డకాడనే.”

“గా పెద్దాయన చెక్ పెట్టినంక నాది సుత ఒక్కటి సీదా పోతలేదు.”

ఆ పెద్దాయన పేరు వీరవెంకటసత్యనారాయణ. అమీర్‌పేటలో ఓ మెస్ పైన ఉన్న ఆ చిన్న కంపెనీ బ్లడ్ బ్యాంకుల ఫ్రిజ్‌లకు అలారం బోర్డులు చేస్తుంది. పాత చిప్ మానేసి కొత్త చిప్‌కు మారుతున్నామని ఆయన్ని కాంట్రాక్టు మీద తెచ్చారు. వచ్చీ రాగానే ఒక తనిఖీ ప్రోగ్రామ్ పెట్టాడు. ఎవరు కోడ్ పంపినా అది వరస వరసా చదువుతుంది. కొత్త చిప్ మీద తేడా కొట్టేది కనబడితే ఎర్రగీత పెట్టి తిప్పి పంపుతుంది. మనిషయితే బతిమాలుకోవచ్చు, ప్రోగ్రామ్ బతిమాలితే వింటుందా?

అందరికంటే ఎక్కువ గీతలు భావనకే. ఆమె ప్రొబేషన్ ఈ నెలతో అయిపోతుంది. ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే మళ్లీ కోచింగ్ సెంటర్ల మెట్లెక్కాల్సిందే.

గీతలనైనా ఓర్చుకునేది కానీ, ఆయన ఫోనే ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు. రోజూ భోజనాలయ్యాక బాల్కనీలోకి వెళ్లి గొంతు తగ్గించి ఎవరితోనో మాట్లాడతాడు. ఆ రోజు భావన నీళ్ల సీసా నింపుకునే వంకతో తలుపు పక్కన ఆగింది.

“ఇవాళ కూడా దొరికాయండీ... అవును, భావన రాసిన దాంట్లోనే... లేదు లేదు, ఇంకా నమ్మడానికి లేదు.”

భావన సీసా నింపకుండానే సీటుకు తిరిగొచ్చింది.

“ఓనర్‌కే చెప్తుండు,” అంది నరేశ్‌తో.

“నేను ముందుగాలనే అన్న. ఎవర్ని తీసెయ్యాల్నో చూడనీకే తెచ్చిండ్రు ఆయన్ని. పిలిస్తే అమ్మా అంటడు, లోపల్లోపల గీ పని.”

ఆ సాయంత్రం సత్యనారాయణ ఆమె పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

“చూడమ్మా, సెన్సార్ చచ్చిపోతే ఆ సంగతి తెలిపే గుర్తుగా మైనస్ ఒకటి వస్తుంది. నువ్వు దాన్ని చార్ అనే చిన్న అరలో దాస్తున్నావు. నీ ల్యాప్‌టాప్‌లో చార్‌కి మైనస్ తెలుసు. ఈ కొత్త చిప్‌లో తెలీదు. సెన్సార్ చచ్చినా బోర్డు పాత అంకే చూపిస్తూ కూర్చుంటుంది.”

“నా దగ్గర మంచిగనే నడుస్తుంది సార్.”

“నీ దగ్గర నడుస్తుందమ్మా. ఫ్రిజ్ నీ దగ్గర ఉండదు కదా.”

ఆ మాటకు భావన ఒళ్లు మండింది. చాడీలు చాలక వెటకారం కూడానా అనుకుంది.

మర్నాడే ఓనర్ రవికాంత్ గదిలోకి వెళ్లింది.

“సార్, ఆ చెక్ వల్లనే బోర్డులు లేటయితున్నయి.”

కసురుకుంటాడనుకుంది. రవికాంత్ వెంటనే తలూపాడు.

“ఆయనతో నాకూ తలనొప్పిగానే ఉంది. ఈ వారంతో పంపించేద్దాం.”

సొంత మనిషిని ఇంత తేలిగ్గా వదులుకుంటాడా అని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. కానీ అడగ్గానే వరమిచ్చిన దేవుణ్ణి ఎందుకిచ్చావని ఎవరు అడుగుతారు?

శుక్రవారం సత్యనారాయణ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

“ఒక్క మాటమ్మా. నేను పోయినా ఆ చెక్ తీసెయ్యకు. నీ ఎర్రగీతలన్నీ దిద్దాకే బోర్డు పంపు.”

“సరే సార్.”

“మాటేనా?”

“మాటే సార్.” ఈయన కదిలితే చాలనుకుంది.

ఆయన ముఖం విప్పారింది. “నువ్వు తెలివైనదానివమ్మా,” అని, ఫోను తీసుకుని చివరిసారి బాల్కనీలోకి నడిచాడు.

“పోతా పోతా సుత చాడీలే,” నరేశ్ నవ్వాడు.

భావన చెక్ తీయలేదు, అక్కడికి మాట నిలబెట్టుకున్నట్టే. గీత పడ్డ ప్రతి వరస చివరా ‘ఇక్కడ చూడొద్దు’ అని ఆ చెక్‌కు చెప్పే చిన్న గుర్తు పెట్టింది. ఆ కిటుకు కోడ్ రాసేవాళ్లందరికీ తెలిసిందే. దిద్దాలంటే రోజులు పడతాయి, చెక్ కళ్లు మూయాలంటే నిమిషం చాలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అనుకుంది.

తెర మీద ఎర్రగీత అన్నది లేకుండా పోయింది. పంజాగుట్టలో ఓ ఆసుపత్రిలో ట్రయల్‌కు పెట్టిన బోర్డు తీసేసి, భావన కోడ్‌తో కొత్త బోర్డు బిగించారు. ఆమె ఉద్యోగం పర్మనెంట్ అయింది. నరేశ్ పట్టుబట్టి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించుకున్నాడు.

తర్వాతి వారం ఆఫీసు ఫోను మోగింది. భావనే తీసింది.

“సత్యనారాయణ సార్ ఉన్నడా? నేను స్వరాజ్యాన్ని, పంజాగుట్ట బ్లడ్ బ్యాంకు నుంచి.”

“ఆయన ఇప్పుడు ఇక్కడ లేరు మేడమ్. ఏమైంది?”

“సెన్సార్ వైరు ఊడింది, ఎనక ఫ్రిజ్ సుత బందయింది. అలారం మోగలే. తెర మీద మైనస్ ముప్పయ్యే చూపిచ్చుకుంట ఉన్నది. తీసి చూస్తే లోపల ప్లాస్మా మొత్తం కరిగిపోయింది. మస్తు మంది ఇచ్చిన రక్తం అమ్మా, అంతా పారబొయ్యాలె. రేపు ఆపరేషన్ ఉన్న పిల్ల కోసం ఊరంతా ఫోన్లు కొడుతున్నం.”

భావన ఫోను చెవికి అదుముకుంది.

“మీరు... రోజూ చూసుకోరా మేడమ్?”

“ఎందుకు చూడం? దినాం పగటీలి సార్ ఫోన్ చేసెటోడు. ‘ఇంకా తప్పులు దొరుకుతున్నాయి, అలారాన్ని నమ్మకండి, మీరే థర్మామీటర్ పెట్టి చూసుకోండి’ అని చెప్పెటోడు. మేం గట్లనే చూసెటోళ్లం.”

భావన బాల్కనీ వైపు చూసింది. తలుపు తెరిచే ఉంది.

“మరి... ఈ వారం ఎందుకు చూడలేదు?”



“పోయే రోజు సుత ఫోన్ చేసిండమ్మా. ‘ఇక నేను చెయ్యనండీ. మా భావన మాటిచ్చింది, ఆ అమ్మాయి పంపిన బోర్డును కళ్లు మూసుకుని నమ్మండి’ అన్నడు.”