రెండు గేట్ల నడుమ

మొద్దు పొడుగ్గా ఉంది. రెండు గేట్ల మధ్య జాగా పొట్టిగా ఉంది. వీరస్వామి కష్టమంతా అదే.

మహదేవపూర్ నుంచి వచ్చే అడవి దారిలో అతను చెక్‌పోస్టు గార్డు. కట్టెల బండి లోపలికి రాగానే వెనుక గేటు దించాలి. ముందు గేటు అప్పటికే దించి ఉండాలి. రెండూ ఒకేసారి మూసి ఉండగా బండిని చూడాలి. ఆ తర్వాతే వదలాలి. ఈ నియమం తప్పినందుకే అతనికి ముందున్న గార్డు కొలువు పోయింది.

డెబ్బై మూడు ఎండకాలంలో ఒక పొద్దున ధ్వజస్తంభం వచ్చింది. రెండు బండ్లను జోడించి కట్టిన టేకు మొద్దు. ఒళ్లంతా పసుపు, కుంకుమ బొట్లు. ముందు డప్పులు. దేవుని కట్టెకు ఆ దారిలో ఎవరూ పర్మిట్ అడగరు. వీరస్వామి కూడా అడగలేదు. చెప్పులు విడిచి దండం పెట్టాడు. కానీ ఎద్దుల ముట్టెలు ముందు గేటుకు ఆనినా, మొద్దు తోక ఇంకా వెనుక గేటు బయటే ఉంది.

“రెండు ముక్కలు చేసుకొని తీస్కపోండ్రి,” అన్నాడు.

“ధ్వజస్తంభానికి అతుకా?” డప్పుల వెనుక నుంచి కుంకుమ పళ్లెంతో ముసలి భద్రమ్మ ముందుకొచ్చింది. “హనుమాండ్లు నీ కలలకొచ్చి అడుగుతడు బిడ్డా. జర ఆలోచించుకో.”

అటు కొలువు. ఇటు దేవుడు.

బండి వెంట వచ్చిన సైన్సు పంతులు రామలింగం గొంతు సవరించుకున్నాడు.

“వీరస్వామీ, వెలుగుతో పోటీపడి ఉరికితే మొద్దు నేల మీదున్న నీ లెక్కల కురుచయితది. గేట్ల నడుమ పడుతది. రెండూ ఒక్కసారే దించొచ్చు.”

వీరస్వామి ఎద్దుల వైపు చూశాడు. ఒకటి నెమరు వేస్తోంది.

“మొద్దు మీద కూసున్నోనికి గూడ గట్లనేనా సార్?”

“కాదు. వాని లెక్కల మొద్దు పొడుగు పొడుగే. ముందు గేటు పడి లేస్తది. అటెన్క వెనుక గేటు పడతది. ఒక్కసారి అనే మాటే ఉండదు.”

“మరి ఎవరిది అబద్ధం?”

“ఎవరిదీ కాదు. నేల మీదోనిది నిజమే, మొద్దు మీదోనిదీ నిజమే.”

“సారు గిట్లనే చెప్తడు. వినేటోళ్లకు ఆకలయితది,” అంది భద్రమ్మ.

“గిది పుస్తకంల ఉన్నదా సార్?” అడిగాడు వీరస్వామి.

“ఉన్నది. పెద్ద కాలేజీలల్ల చెప్తరు.”

“మా పైనున్న రేంజరు సారు అడిగితే గూడ మీరే చెప్పాలె.”

“ఎన్నిసార్లయినా చెప్త.”

వీరస్వామి గేట్ల తాళ్లు భద్రమ్మకు అప్పగించి, మొద్దెక్కి కూర్చున్నాడు. దించి ఉన్న ముందు గేటు లేచింది. బండ్లు కదిలాయి. తోక లోపలికి వచ్చాక వెనుక గేటు పడింది. ఒకదాని తర్వాత ఒకటి, రెండు గేట్లూ మూతపడ్డాయి. మొద్దు మీద కూర్చున్నవాడు చూసినదాంట్లో తప్పేమీ లేదు.

అతను దిగి, మొద్దును తాకి కళ్లకద్దుకున్నాడు.

“ప్రతిష్ఠ నాడు జర కబురు పెట్టుండ్రి అవ్వా.”

“నువ్వు లేకుంటే ఎట్ల బిడ్డా?” అంది భద్రమ్మ, అతని నుదుట బొట్టు పెడుతూ.

బండ్లు చేరిన ఊళ్లో గుడి లేదు. గోడలు లేచి, నడిమి దూలం లేక ఆగిపోయిన బడి ఉంది.