కింద సంతకం

"వీడియో తీస్తున్నా, ఎస్ అక్షరం వెయ్యండి దోన్ ఎవుసేబియో," అన్నాడు ఇకెర్. మెక్సికో నగరంలో అందరూ గౌరవంగా దోన్ అని పిలిచే ఆ ముసలాయన కొట్ల మీద రాసిన అక్షరాలను కంప్యూటర్ ఫాంటుగా మార్చి, దానికి ఆయన పేరే పెట్టిన కుర్రాడతను.

పళ్లరసాల కొట్టు షట్టర్ ముందు ఎవుసేబియో కుంచెను ఎర్రరంగులో ముంచాడు. చెయ్యి లేవలేదు. వెనక్కి తిరగకుండానే కుంచెను భార్యకు అందించాడు.

"చేలా, నువ్వే వెయ్యి. ఇంకెన్నాళ్లు దాస్తాం?"

ఆమె స్టూలెక్కి ఒక్క ఊపులో ఎస్ దించింది. తోక దగ్గర ఫాంటులో ఉన్న అదే వయ్యారం.

ఇకెర్ చేతిలో ఫోను కిందికి దిగింది. "అయితే అక్షరాలన్నీ మీవా?"

"బజారు తెరిచేలోపు నేను వేసి దిగేదాన్ని. కింద సంతకం ఆయనది. ఆడదాని పనంటే ఎవరు పిలుస్తారు నాయనా?"

"ఇప్పుడు తెలిసిందిగా, ఫాంటు పేరు మార్చు," అన్నాడు ఎవుసేబియో.

ఇకెర్ నేలచూపులు చూశాడు. "రిజిస్టరైపోయింది. పోస్టర్లు కూడా అచ్చయ్యాయి."

చేలా స్టూలు దిగింది. కుంచె తుడిచి, నల్లరంగులో ముంచి, మొగుడి చేతిలో పెట్టింది.

"కానియ్, సంతకం పెట్టు. నేను పక్కకు జరుగుతాలే."

ఫోను మళ్లీ పైకి లేచింది.