మూడు చుట్లు

“మళ్లీ కేరేజీ మర్చిపోయావా అక్కా? దా, నా దాంట్లో సగం తిందువుగాని,” అంటూ ఫ్యూజు తన అన్నం డబ్బా మూత తీశాడో లేదో, ఊరి నీళ్ల పంపుహౌసులో ఫోను మోగింది.

ఫ్యూజంటే కొత్త ఎలక్ట్రీషియను. చేరి నాలుగు రోజులే. ఇట్టే మండి ఇట్టే ఆరిపోతాడని అప్పుడే ఆ పేరు పడిపోయింది. అక్కేమో ఆపరేటరు. పదిహేనేళ్లుగా ఆ పంపులతోనే కాపురం.

ఫోనులో ఫైరింజను ఆఫీసరు. స్పీకరు బద్దలైపోయేలా అరుస్తున్నాడు.

“నూలు గోదాము అంటుకుంది! వెనక పచ్చగేటు మేడకీ పాకింది. మెట్లు కాలుతున్నాయి, పైన ఎవరో ముసలావిడ చిక్కుకుంది. నీళ్లు వదలండి!”

“పచ్చగేటా?” అంది అక్క. చేతులు రెండుసార్లు చెంగుకి తుడుచుకుంది. “ఎన్ని గొట్టాలు తెరిచారు సార్?”

“నాలుగు!”

రెండో పంపు రిపేరుకని విప్పి, ముక్కలు ముక్కలుగా నేలమీద పరిచి ఉంది. తిరిగేది ఒక్కటే. మిగతా వీధుల లైన్లన్నీ కట్టించేసినా, నాలుగు గొట్టాలూ కలిసి దాని తాహతుకి మించి లాగేస్తున్నాయి. మోటారు లాగే కరెంటు చూపించే ఆంపుల ముల్లు ఎర్రగీత దాటింది. పంపు కడుపులో ఎవరో గుప్పెళ్లతో కంకర పోస్తున్నట్టు గరగర.

“ధార ఓసారి ఎగురుతోంది, ఓసారి చచ్చిపోతోంది! ఏం చేస్తున్నారక్కడ?” ఆఫీసరు కేక.

“ఒక గొట్టం కట్టేయండి సార్.”

“నాలుగువైపులా మంటమ్మా, కుదరదు!”

“అయితే నేనే చూసుకుంటాను.” అక్క ఒక్క అంగలో వెళ్లి, పంపు నుంచి నీళ్లు బయటికెళ్లే వాల్వు చక్రం పట్టుకుంది. మూసేవైపు ఒక చుట్టు తిప్పింది.

ఫ్యూజు ఎగిరిపడ్డాడు. “మతి పోయిందా? కొంప కాలుతుంటే నీళ్లు కట్టేస్తావా!”

“కట్టెయ్యడం కాదురా, పగ్గం వెయ్యడం. దీన్నిలాగే పరిగెత్తనిస్తే మోటారు వేడెక్కి ట్రిప్పయి ఆగిపోతుంది. చల్లారి మళ్లీ లేవాలంటే అరగంట. ఆ అరగంట నువ్విస్తావా?”

రెండో చుట్టు. గరగర తగ్గింది గానీ పోలేదు. ముల్లు ఇంకా ఎర్రగీత మీదే వణుకుతోంది.

ఫ్యూజు ఆగలేక వచ్చి చక్రమ్మీద చెయ్యేశాడు. “అక్కడున్నది మనిషక్కా! నీది గుండెనా, ఇనపముక్కా?”

“మనిషేనని తెలుసు. చెయ్యి తియ్యి.”

తీశాడు. తీస్తుంటే తగిలిన ఆమె వేళ్లు ఐసుముక్కల్లా ఉన్నాయి.

మూడో చుట్టు.

కంకర చప్పుడు టక్కున ఆగింది. పంపు నిండుగా, గంభీరంగా పాడటం మొదలుపెట్టింది. ముల్లు పచ్చగీతలోకి జారింది.

“ధార నిలబడింది!” ఆఫీసరు గొంతులో ప్రాణం లేచొచ్చింది. “మెట్లమీద కొట్టండ్రా! నిచ్చెనెయ్యండి! ఎక్కు, ఎక్కు!”

ఫ్యూజు ఊపిరి బిగబట్టాడు. ఒక నిమిషం. రెండు. అవతల ఈలలు, చప్పట్లు.

“దింపేశాం! ముసలావిడకి ఒంటిమీద చిన్న గీత కూడా లేదు!”

ఫ్యూజు తొడ చరిచి గంతేశాడు. “ఎవరో గానీ నీ చలవన బతికిందక్కా!”

అక్క చక్రం వదలకుండానే నేలమీద కూలబడింది. అలసట కాబోలనుకున్నాడు.

“కానీ భలే మొండిదయ్యా,” అవతల ఆఫీసరు నవ్వుతున్నాడు. “అంత పొగలోనూ చేతిలో డబ్బా వదల్లేదు.”

“ఏం డబ్బా సార్?” అన్నాడు ఫ్యూజు.

“కేరేజీ బాబూ, పంపుహౌసులో ఉన్న కోడలికివ్వాలట!”