పదిహేడో నంబరు ఉప్పు

తోడికోడలి ఇంట్లో ఉప్పు దొంగిలించాలని చౌడమ్మ సోమవారం మధ్యాహ్నమే నిర్ణయించుకుంది.

ఆ పూట బీపీ చూడటానికి పవిత్ర వచ్చింది. పవిత్ర కర్నూలు నుంచి వచ్చే పరిశోధన బృందంలో నర్సు. సోడియం తగ్గించిన, కాస్త చేదు తగిలే కొత్త రకం ఉప్పు తింటే బీపీ దిగుతుందా లేదా అని కోడుమూరు నేతవీధిలో ఆర్నెల్లపాటు పరీక్షిస్తున్నారు. బీపీ ఉండి, కిడ్నీలు బాగున్నవాళ్ల ఇళ్లనే ఎంచుకున్నారు. సగం ఇళ్లకు కొత్త ఉప్పు, సగం ఇళ్లకు మామూలు ఉప్పు. మూడు నెలలకొక సంచి ఇస్తారు. సంచులన్నీ ఒకే తీరు, పైన ఇంటి నంబరు తప్ప ఏమీ ఉండదు. ఎవరికి ఏది వచ్చిందో పవిత్రకు కూడా తెలియదు.

చౌడమ్మ ఇల్లు పదిహేడు. గోడకవతల మరిది నాగన్న ఇల్లు పద్దెనిమిది.

మూడు నెలల కిందట అన్నదమ్ములిద్దరి బీపీ ఒకటే, నూట డెబ్బై. ఈరోజు నాగన్నది నూట ముప్పై నాలుగు. చౌడమ్మ భర్త కాశన్నది ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"వానికి మొదట్నుంచీ అంతే, అన్నీ కలిసొస్తాయి," అని కాశన్న నవ్వాడు. "ఆఖరికి ఉప్పులో గూడా మంచి వాటా వానికే పోయినట్టుండాది."

చౌడమ్మకు నవ్వు రాలేదు. పోయినేడు కాశన్న చిన్నాన్నకు బీపీ ఎక్కువై కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడాయన మగ్గం గుంతలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

ఆలోచిస్తే అంతా తేటగానే ఉంది. మొదటి సంచి విప్పిన రోజు చౌడమ్మ మెంతికూర పప్పు చేసింది. రుచి చూసిన తోడికోడలు నాగలక్ష్మమ్మ మూతి తిప్పింది.

"ఏందక్కా, ఇంత చేదుగా ఉండాది?"

"మెంతికూర చేదుగా లేకుంటే పాయసం మాదిరి ఉంటాదా?" అని చౌడమ్మ ఆమె నోరు మూయించింది.

నిజంగానే మర్నాటి చారులో చేదు లేదు, ఆ తర్వాత ఏ కూరలోనూ లేదు. అంటే తమకొచ్చింది ఉత్త ఉప్పు. అసలుది గోడకవతల ఉంది.

ఆ సాయంత్రం వంటలయ్యాక ఇద్దరు తోడికోడళ్లూ పవిత్ర ఇచ్చిన రెండో సంచులు విప్పి జాడీల్లో పోసుకున్నారు. ఆ జాడీలు అత్తగారు ఒకే అంగడిలో కొని చెరొకటి ఇచ్చినవి. పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో ఇచ్చిన అత్తగారు కూడా చెప్పలేరు.

మంగళవారం పొద్దున్నే వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు పోగులు పరిచి గంజి పట్టారు. ఎండ ఎక్కేలోపు పని ముగియాలి, లేకుంటే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకే ఆ పూట ఎవరూ ఇళ్లలో ఉండరు. తలుపులకు గొళ్లేలు కూడా పెట్టరు.

"అయ్యో, గంజి పూసే కుంచె మరిచిపోయినా," అంటూ నాగలక్ష్మమ్మ ఇంటికి పరుగెత్తింది. ఆమె కుంచె పట్టుకుని తిరిగొచ్చేదాకా ఆగి, చౌడమ్మ గంజి కుండలోకి తొంగి చూసింది.

"ఇది యాడ చాలుతాది? ఇంకొంచెం తెస్తా."

"తొందరగా రా వదినా, పోగులు ఆరిపోతాండాయి!" అని నాగన్న కేకేశాడు.

జాడీలు మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తెచ్చుకున్న జాడీలోంచి చిటికెడు నాలుక మీద వేసుకుంది. ఎక్కడో సన్నగా చేదు తగిలింది. మందంటే అట్లే ఉండాలి మరి.

మూడు నెలలు గడిచాయి. ఆఖరి పరీక్షకు పవిత్ర వచ్చి అరుగు మీద కూర్చుంది. కాశన్నకు నూట ముప్పై ఆరు. నాగన్నకు మళ్లీ నూట డెబ్బై. వారం కిందట అతను మగ్గం మీదే కళ్లు తిరిగి ముందుకు పడ్డాడు. నుదుటి మీద కట్టు ఇంకా తీయలేదు.

ఆ కట్టు చూసిన రోజు నుంచీ చౌడమ్మకు అన్నం సయించడం లేదు. ఇంక దాచుకోలేకపోయింది.

"ఆయప్ప బీపీ ఎక్కింది నా వల్లే పవిత్రా. మూడు నెలల కిందట వాళ్ల ఉప్పుజాడీ నేను ఎత్తుకొచ్చి, మా జాడీ ఆడ పెట్టినా."

"ఏమే, ఇన్నాళ్లూ నాకు దొంగుప్పు తినిపించినావా?" కాశన్న నోరు తెరిచాడు.

నాగన్న కట్టు తడుముకుని నవ్వేశాడు. "అడిగింటే నేనే ఇచ్చింటి గదా వదినా."

ఆ మాటకు చౌడమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నదానికే వీధిని ఏకం చేసే నాగలక్ష్మమ్మ మాత్రం కొంగు చివర మెలిపెడుతూ నేల చూస్తోంది.

పవిత్ర తల పట్టుకుంది. "నా ఆర్నెల్ల కష్టం గంగలో కలిపినావు కదక్కా! సరే, పరీక్ష అయిపోయింది, ఇంక దాచేదేముంది? ఈ నెల నుంచి అందరికీ కొత్త ఉప్పే."

తన చేతిసంచిలోంచి సీలు వేసిన కవరు తీసి చించింది. లోపలి కాగితం ఒకసారి చదివి, నొసలు ముడిచి మళ్లీ చదివింది.

"చౌడమ్మక్కా, కొత్త ఉప్పు వచ్చింది మీ పదిహేడుకే. పద్దెనిమిదికి రెండుసార్లూ మామూలు ఉప్పే."

"అదెట్ల? మరి నేను ఎత్తుకొచ్చింది ఎవరిది?"

"నీదే అక్కా," అంది నాగలక్ష్మమ్మ తల ఎత్తకుండా. "మెంతికూర పప్పు తిన్న దినమే అది మందుప్పని కనిపెట్టి, మొదటిసారి జాడీలు మార్చింటి. రెండోసారి, నువ్వు గంజికని పోకముందే నేను కుంచెకని పోయింటి."